జవాన్ల కుటుంబాలకి సాయపడే పని: జీతం దొరుకుతుందా, మొదట ఏం నేర్చుకోవాలి?

ముందు ప్రశ్న రెండు ముక్కల్లో. అడిగినావిడది చీపురుపల్లి దగ్గర పల్లె. భర్త ఆర్మీలో ఉన్నారు, ఆవిడ ఎంఎస్‌డబ్ల్యూ (సమాజ సేవలో పీజీ) చదివారు. చుట్టుపక్కల ఊళ్లలో జవాన్ల కుటుంబాలు, మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకి అండగా ఉండే పని, ఊళ్లలో కార్యక్రమాలు నడిపే పని చేయాలనుంది. దీన్ని బతుకుతెరువుగా చేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి, సొసైటీ రిజిస్టర్ చేయాలా అని అడిగారు.

చేసుకోవచ్చమ్మా. కానీ ఆ పేరుతో నోటిఫికేషన్ పడే ఉద్యోగం లేదు. నాలుగైదు చిన్న పనులు కలిపి కట్టుకోవాల్సిన వృత్తి ఇది. మొదటి ఏడాది సభలు, సన్మానాలు పెట్టకండి. ముందు కాయితాల పని నేర్చుకోండి. పెన్షన్ కాయితం, వైద్యం కార్డు, పిల్లల స్కాలర్‌షిప్పు, పేరు సవరణ. ఈ నాలుగూ చేతనైన మనిషిని ఊళ్లు వెతుక్కుంటూ వస్తాయి. అవి చేతకాకుండా పెట్టే కార్యక్రమానికి ఫోటోలు దిగడానికి వస్తారు, మర్నాడు మర్చిపోతారు.

ఎందుకంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కంటోన్మెంట్ (సైన్యం ఉండే పేట) లేదు. కుటుంబాలన్నీ పల్లెల్లో చెదిరి ఉంటాయి. నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి విశాఖలో ఉంది. పెన్షన్ మంజూరు ప్రయాగ్‌రాజ్‌లో. సర్వీసు రికార్డు నాసిక్ రోడ్డులోనో, జబల్‌పూర్‌లోనో, వెల్లింగ్టన్‌లోనో, సికింద్రాబాద్‌లోనో ఉంటుంది. ఇచ్ఛాపురం దగ్గరి ముసలావిడకి ఇవన్నీ ఒక్క చోట అర్థమయ్యేలా చెప్పే మనిషి లేకపోవడమే అసలు కొరత.

మొదట చేయాల్సింది ఒక రిజిస్టర్. మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. ఒక్కో కుటుంబానికి ఒక పేజీ. సర్వీసు నంబరు, ర్యాంకు, కోర్ లేదా రెజిమెంటు, రికార్డు ఆఫీసు ఎక్కడ, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు, స్పర్శ్ (సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) లాగిన్‌కి ఎవరి ఫోన్ నంబరు ముడిపెట్టి ఉంది, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉందా లేదా. వీటి కింద ఇంకో మూడు వరుసలు: భార్య పేరు, పుట్టిన తేదీ సర్వీసు రికార్డులో ఎలా ఉన్నాయి, ఆధార్‌లో ఎలా ఉన్నాయి, పాన్‌లో ఎలా ఉన్నాయి. ముప్పాతిక సమస్యలు ఈ మూడు వరుసల్లోనే దొరుకుతాయి.

మన వైపు పేర్లతో వచ్చే తంటా వేరే రాష్ట్రం క్లర్కులకి అర్థం కాదు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఒకటి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఆధార్‌లో ఉండిపోవడం ఒకటి. అప్పలనరసమ్మని ఒక చోట అప్పలనర్సమ్మ, ఇంకో చోట ఎ.నరసమ్మ అని రాయడం ఒకటి. సింహాచలం అన్న పేరు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఉంటుంది కదా, ఆ పేరున్న ఆడమనిషి ఏదో ఒక కార్డులో పురుషుడిగా నమోదై ఉండటం వింతేం కాదు.

సవరణకి దిగేముందు ఏది మార్చాలో తేల్చుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ, లింగం ఒక్కోసారే. తొందరపడి ఆ ఒక్క అవకాశం వాడేస్తే, తర్వాత సర్వీసు రికార్డే సరైనదని తేలినా వెనక్కి రావడం కష్టం. కాబట్టి ముందు స్కూలు సర్టిఫికెట్టో జనన ధ్రువపత్రమో దేనితో సరిపోతోందో చూడండి. ఆ వైపు ఉన్నదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని మార్చండి. సర్వీసు రికార్డు మార్చాల్సి వస్తే నోటరీ అఫిడవిట్, ఆధార్, పాన్, డిశ్చార్జి బుక్కు నకలు, దరఖాస్తు కలిపి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకి పంపాలి. అక్కడ సవరించాక కొత్త పీపీఓ వస్తుంది. నెలలు పడుతుంది. పంపిన ప్రతి కాయితం జెరాక్సూ, స్పీడ్‌పోస్టు రసీదూ అదే పేజీకి పిన్ను కొట్టి ఉంచండి.

భర్త సర్వీసులో ఉన్న కుటుంబాల్లో చూడాల్సింది పార్ట్ టూ ఆర్డర్, అంటే కుటుంబ వివరాల్ని సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు. పెళ్లైనా, బిడ్డ పుట్టినా యూనిట్ ద్వారా అది పబ్లిష్ కావాలి. పెళ్లి సర్టిఫికెట్టు తీసుకోకపోవడం, బిడ్డ జనన ధ్రువపత్రంలో పేరు రాయించకపోవడం వల్ల ఏళ్ల తరబడి ఆగిపోయినవి కనిపిస్తాయి. అంతా బాగున్నప్పుడు తేడా తెలియదు. జవానుకి ఏదైనా జరిగిన రోజున భార్య పేరు రికార్డులోనే లేదంటారు. సంక్రాంతి సెలవుకి వచ్చిన జవాన్ల చేత అడిగి చూపించుకోండి. భార్యాభర్తలిద్దరి సంతకాలూ దొరికే కాలం అదే.

ఇక్కడ మన వాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ కుటుంబాల్ని సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపడం. ఊళ్లో అందరినీ మిలట్రీ అనే అంటారు. కానీ ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రక్షణ శాఖ కిందవి. కేంద్ర సాయుధ పోలీసు బలగాలు హోం శాఖ కిందవి. వాళ్లకి స్కాలర్‌షిప్పు, పునరావాసం, వైద్యం అన్నీ వేరే దారి. వాళ్ల సంక్షేమం చూసేది వార్బ్ అనే బోర్డు, సర్వీసులో ఉన్నవాళ్ల వైద్యానికి ఆయుష్మాన్ సీఏపీఎఫ్ పథకం. రిజిస్టర్‌లో రెండు రకాలకీ వేర్వేరు రంగు పెట్టుకోండి. రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని ఇది మా పని కాదని తిప్పి పంపితే మళ్లీ మీ మాట వినరు.

మూడో రంగు అగ్నివీరులది, అంటే నాలుగేళ్ల కాలానికి సైన్యంలో చేరేవాళ్లది. 2022 జూన్‌లో పథకం ప్రకటించారు, మొదటి బ్యాచ్ ఆర్మీ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. నాలుగేళ్ల తర్వాత నాలుగో వంతు మందికి మించి కొనసాగించరు. బయటికి వచ్చేవాళ్లకి సేవా నిధి కింద సుమారు రూ.11.71 లక్షలు వస్తుంది. పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. ఆ డబ్బుతో ఇల్లు మొదలెట్టి మధ్యలో ఆపేసే ప్రమాదం మన ఊళ్లలో ఎక్కువ. మీకు పని వచ్చిపడేది ఇక ఈ వైపు నుంచే. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకి రిజర్వేషన్ ఉంది, ఆ నోటిఫికేషన్లు చూసి చెప్పే మనిషి కావాలి.

జిల్లాల మార్పు సంగతి కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరంలోకి వచ్చాయి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత డిశ్చార్జి బుక్కుల్లో శ్రీకాకుళం అనే ఉంటుంది. మనిషిని పంపేముందు అతని నమోదు ఏ కార్యాలయంలో ఉందో ఫోన్లో కనుక్కోండి.

డబ్బు సాయాల విషయంలో పేర్లు కలిపేయకండి. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు మాజీ సైనికుల పిల్లలకి, వితంతువులకి. ఇంజినీరింగు, మెడిసిన్, బీఎడ్, బీసీఏ లాంటి వృత్తి కోర్సులకే. ఆడపిల్లకి నెలకి రూ.3,000, మగపిల్లాడికి రూ.2,500. ఇంటర్‌లో (బీఎడ్‌కైతే డిగ్రీలో) 60 శాతం ఉండాలి, చేరిన మొదటి ఏడాదిలోనే పెట్టాలి. రెండో ఏడాదిలో తెలిసి పరుగెత్తుకొచ్చిన వాళ్లకి చేయగలిగింది ఏమీ ఉండదు. మామూలు బీఏ, బీఎస్సీ చదివేవాళ్లకి ఇది రాదు. వాళ్లకి హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకు మాజీ సైనికుల పిల్లల కోసం ఉన్న విద్యా గ్రాంటు చూడాలి. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లలకి. పోయిన తరగతిలో 50 శాతం మార్కులుండాలి. ఈ గ్రాంటుని నెలకి వెయ్యి నుంచి రెండు వేలకి పెంచారు, 2025 నవంబర్ 1 నుంచి పెట్టిన దరఖాస్తులకి వర్తిస్తుంది. అదే తేదీ నుంచి కూతురి పెళ్లి గ్రాంటు యాభై వేల నుంచి లక్షకి, 65 ఏళ్లు దాటి పెన్షన్ లేని మాజీ సైనికులకీ వితంతువులకీ ఇచ్చే నెలసరి సాయం నాలుగు వేల నుంచి ఎనిమిది వేలకి పెరిగింది. పెళ్లి గ్రాంటుకి పెళ్లి రిజిస్ట్రేషన్ కాయితం కావాలి. పందిరి తీసిన వారంలోనే ఆ పని చేయించండి, గడువు దాటితే తిప్పి పంపేస్తారు.

చిన్నదే అయినా ఊళ్లో పేరు తెచ్చే పని ఇంకొకటి: గ్రామ పంచాయతీల్లో సైనిక కుటుంబాల ఇంటి పన్ను మినహాయింపు. 2025 మేలో దీన్ని సర్వీసులో ఉన్నవాళ్లందరికీ వర్తించేలా ప్రకటించారు. జవాను పేరు మీదో భార్య పేరు మీదో ఉన్న ఒక ఇంటికి. ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉంటే ముందు ఆ సంగతి చూడాలి. సర్వీసు సర్టిఫికెట్టుతో పంచాయతీ కార్యదర్శిని కలవండి.

పెన్షన్‌దారు చనిపోయినప్పుడు ఇంట్లో వాళ్లకి మొదటి రోజే చెప్పాల్సిన మాట: ఏటీఎంలో డబ్బు తీయొద్దు. చావు తర్వాత జమైన పెన్షన్‌ని తిరిగి వసూలు చేస్తారు, తీసేసి ఖర్చు పెట్టినవాళ్లకి కుటుంబ పెన్షన్ మొదలైనప్పుడు కోత పడుతుంది. మరణ నమోదు 21 రోజుల్లోపు. ముప్పై రోజులు దాటితే అనుమతి తెచ్చుకోవాలి. తర్వాత స్పర్శ్‌లో మరణం తెలియజేయాలి, బ్యాంకుకి చెప్పాలి, కుటుంబ పెన్షన్‌కి పెట్టాలి, వితంతువు గుర్తింపు కార్డుకి, ఈసీహెచ్‌ఎస్ కార్డు మార్పుకి పెట్టాలి. పీపీఓలో భార్య పేరు సరిగా ఉంటే ఇదంతా సాఫీగా పోతుంది. రిజిస్టర్‌లో ఆ మూడు వరుసలు ఎందుకు రాయమన్నానో ఇక్కడే తెలుస్తుంది. విరమణ తర్వాత చనిపోయినవాళ్ల కుటుంబ పెన్షన్ మొదటి ఏడేళ్లు, లేదా చనిపోయిన మనిషికి 67 ఏళ్లు నిండే దాకా (ఏది ముందైతే అది), చివరి జీతంలో సగం ఉంటుంది. తర్వాత 30 శాతానికి తగ్గుతుంది. ఆ తగ్గే నెల ముందే రాసి ఉంచండి, లేకపోతే ఎవరో కోసేశారని గగ్గోలు పెడతారు.

సర్వీసులో ఉండగా జవాను పోతే ఆ పని వేరు, మీరు వెనక నిలబడాలి. యూనిట్ నుంచి మనిషి వస్తాడు, కాయితాలు వాళ్లే నడిపిస్తారు. ఆ మరణం మామూలుదా, సర్వీసు వల్ల జరిగిందా, పోరాటంలో జరిగిందా అన్నదాన్ని బట్టి కుటుంబ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం (మొదటి పదేళ్లు సగం), 60 శాతం, పూర్తి జీతం మేర మారుతుంది. ఆ వర్గీకరణ కాయితం నకలు ఇంట్లో ఉండేలా చూడండి. అత్తవారికీ కోడలికీ మధ్య డబ్బు దగ్గర మాటలొస్తాయి. ఒక పక్షం తీసుకుని మాట్లాడారా, ఆ ఇంట్లో మీ పని అయిపోయినట్టే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పంపండి. వీర్ పరివార్ సహాయతా యోజన అని నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2025 జూలై 26న మొదలుపెట్టింది, సైనిక బోర్డుల్లోనే న్యాయ సహాయ క్లినిక్కులు పెట్టే పథకం. ఊరివాళ్లు చందాలు పోగుచేస్తే మీ చేతి మీదుగా పోనివ్వకండి, నేరుగా ఆవిడ ఖాతాకే.

ఇక కార్యక్రమాలు. మన దగ్గర నిజంగా పనికొచ్చేవి రెండే అని నా అభిప్రాయం.

ఒకటి, లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్‌దారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే కాయితం) శిబిరం. చాలామందికి నవంబరే, కానీ ఎవరి గడువు ఎప్పుడో స్పర్శ్ లాగిన్‌లో చూసి రాసుకోండి. పొలం పని చేసిన వేళ్లకి ముద్ర పడదు. అందుకని జీవన్ ప్రమాణ్ యాప్, ముఖం గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ ఉన్న ఫోన్లు రెండు పెట్టుకోండి. వెలుతురు మనిషి ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు. కళ్లద్దాలు తీయించండి, రెప్ప కొట్టమనండి. ఒక ఫోన్ మీద గంటకి ఎనిమిది, పది మందికి మించి అవ్వదు, కాబట్టి ఇద్దరు మనుషులతో పూటకి యాభై మందికే చీటీలివ్వండి. ఫారంలో పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర బ్యాంకు పేరు పెట్టొద్దు, స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ ఎంచుకోవాలి. సర్టిఫికెట్టు వచ్చింది కదా అని ఇంటికెళ్లాక పెన్షన్ ఆగేది ఎక్కువగా ఇక్కడి తప్పు వల్లే. కార్తీక సోమవారాలు వద్దు, ఎవరూ రారు. నెలాఖరుకి కోతలు ముదురుతాయి, మొదటి రెండు వారాల్లో ముగించండి. మంచం దిగలేనివాళ్లకి పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి రూ.70కి చేసి వెళ్తాడు.

రెండు, పిల్లల చదువు. విజయనగరం పక్కనే 1962 నుంచి కోరుకొండ సైనిక్ స్కూల్ ఉంది. రిజర్వేషన్ సీట్లు పోగా మిగిలిన వాటిలో 25 శాతం సర్వీసులో ఉన్న, విరమించిన సైనికుల పిల్లలకి. మన ఊళ్ల నుంచి అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే నోటిఫికేషన్ తేదీ ఒక్కో ఏడాది ఒక్కోలా పడుతోంది. ఆరో తరగతికి మార్చి 31 నాటికి పదేళ్లు నిండి పన్నెండు దాటకూడదు. పరీక్ష 300 మార్కులు, అందులో లెక్కలే 150, ఆరో తరగతి పరీక్ష తెలుగులో రాయొచ్చు. తొమ్మిదో తరగతిది ఇంగ్లీషులోనే. ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. వారానికి రెండు పూటలు లెక్కలు చెప్పే టీచర్ని పట్టుకుంటే చాలు, పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

డిసెంబర్ 7 ఫ్లాగ్ డే, జనవరి 14 వెటరన్స్ డే సభలు సంక్షేమ కార్యాలయం వాళ్లకి వదిలేయండి. జనవరి 14 అంటే మనకి భోగో సంక్రాంతో, పల్లె వదిలి ఎవరొస్తారు? కనుమ నాడు ఊళ్లోనే కూర్చోబెట్టండి, జవాన్లూ దొరుకుతారు. ఇంకో మాట: ఫ్లెక్సీల మీద జవాన్ల ఫోటోతో యూనిట్ పేరు, పనిచేసే చోటు వేయొద్దు. పీపీఓ కాయితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించొద్దు. స్పర్శ్ కేవైసీ అంటూ ఓటీపీ అడిగే మోసగాళ్లకి కావాల్సింది అదే.

ఒంటరితనం, నిద్ర పట్టకపోవడం, భర్త సెలవుకొచ్చి తాగడం లాంటివి మీటింగులో బయటికి రావు. కౌన్సెలింగ్ అని బోర్డు పెడితే గుమ్మం తొక్కరు. డ్వాక్రా మీటింగు అయ్యాక ఉండిపోయే నలుగురి దగ్గర వస్తాయి. మీ ఎంఎస్‌డబ్ల్యూ అక్కడ పనికొస్తుంది. మీ చేతిలో లేనిది అనిపిస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి మీ ఎదుటే ఫోన్ చేయించండి.

ఇప్పుడు జీతం సంగతి. సంక్షేమ కార్యాలయంలో పోస్టులు ప్రధానంగా మాజీ సైనికులకే, వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్కుల్లో క్లర్కు, డేటా ఎంట్రీ లాంటివి కాంట్రాక్టు మీద పడతాయి, మాజీ సైనికులకి ప్రాధాన్యం ఉన్నా వదలకుండా పెట్టండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా (జనానికి న్యాయ సహాయం అందేలా చూసే కార్యకర్తగా) చేరితే పనిచేసిన రోజుకి గౌరవ వేతనం ఇస్తారు. డబ్బు తక్కువే కానీ తహసీల్దారు ఆఫీసులో మీ మాటకి విలువ వస్తుంది. నిలకడగా నాలుగు డబ్బులొచ్చేది మీసేవ తరహా సీఎస్‌సీ సెంటర్ పెట్టుకుంటే. స్పర్శ్ సేవలు వాటిలో చేయొచ్చు, మిగతా ఊరి పనులూ వస్తాయి. మీ చోట నేనైతే సీఎస్‌సీ, పారా లీగల్ రెండూ కలిపి మొదలుపెట్టమంటాను. ఎన్‌జీఓల్లో కోఆర్డినేటర్ ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, కానీ రిపోర్టు రాయడం, బడ్జెట్టు లెక్క అక్కడే వస్తుంది.

మీ ఆయనకి పీస్ స్టేషన్ (కుటుంబంతో ఉండగలిగే పోస్టింగు) వచ్చి క్వార్టర్ దొరికితే రెండు మూడేళ్లు మీరు వెళ్తారు. అదీ పనిలో భాగమే. అక్కడ ఆవా (1966 నుంచి ఉన్న ఆర్మీ కుటుంబాల సంక్షేమ సంఘం) కార్యక్రమాల్లో చేయండి, చేసినదానికి సర్టిఫికెట్టు రాయించుకోండి. ఇక్కడి రిజిస్టర్ మాత్రం మీతో తీసుకుపోకూడదు. మొదటి నెల నుంచే ఇంకొకరిని, వీలైతే ఊళ్లోనే ఉండే మాజీ సైనికుడి భార్యని, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. ఎవరి పాస్‌వర్డూ మీ దగ్గర రాసి పెట్టుకోకండి, అది వాళ్ల ఇంట్లోనే ఉండాలి.

సొసైటీ ప్రశ్నకి: సాయం చేయడానికి అక్కర్లేదు, చందా తీసుకోవడానికి కావాలి. మన రాష్ట్రంలో 2001 చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే రిజిస్టర్ అవుతుంది. మాజీ సైనికులు, యుద్ధ వితంతువుల సంక్షేమం కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) ఖర్చుల జాబితాలో ఉంది, కాబట్టి పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలని అడగడానికి దారి ఉంది. కానీ సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే 12ఏ, 80జీ (రెండూ ఆదాయపు పన్ను శాఖ దగ్గర చేసే నమోదులు), కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, ఆపైన సాధారణంగా మూడేళ్ల పని చరిత్ర అడుగుతారు. అందుకని డబ్బు అవసరం లేకపోయినా ఈ ఏడాదే రిజిస్టర్ చేసి, ఏటా లెక్కలు ఆడిట్ చేయించి దాఖలు చేస్తూ ఉండండి. ఏడుగురిలో ఒక్కరైనా పెన్షన్ తీసుకుంటున్న మాజీ సుబేదారో హవల్దారో ఉండేలా చూసుకోండి. ఆఫీసుల్లో వాళ్ల భాష వాళ్లకే వస్తుంది. రాజకీయ పార్టీ కండువా వేసుకునేవాళ్లని మాత్రం కార్యవర్గంలో పెట్టొద్దు, ఎన్నికలొచ్చిన ఏడాది సగం కుటుంబాలు మీ గుమ్మం తొక్కడం మానేస్తాయి.